మీరడిగారు: మనోధర్మాన్ని బాణాల బొమ్మగా గీయొచ్చా?

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు "కంప్యూటర్ మనతో కలిసి అప్పటికప్పుడు కల్పనస్వరాలు వేయగలదా" అని అడిగితే, జాగా లేక "వేయగలదు, దాని వెనక ఒక లెక్క ఉంది, ఆ లెక్క మన ఇంజనీరింగ్ పిల్లలు చదివే ఆటోమేటా (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి బాణాల వెంట నడిచే లెక్కల యంత్రాలు) పాఠానికి దగ్గరి చుట్టం" అని మూడు లైన్లలో ముగించేశాను. ఆ మూడు లైన్లకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందుకే ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నేను కాకినాడలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నానండి, తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నా. మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం, వాయించడం) నేర్పితే వచ్చేది కాదు, సాధన చేస్తే దానంతటదే వస్తుంది అంటారు మా గురువుగారు. కాలేజీలో చూస్తే ఆటోమేటా క్లాసులో సున్నాలు గీసి బాణాలు కలపమంటారు. ఈ రెండూ చుట్టాలంటే నమ్మబుద్ధి కావట్లేదు. కాస్త వివరంగా చెప్తారా?

జవాబు: మీ గురువుగారి మాట నిజమే అమ్మా, దానికి నేను ఎదురు చెప్పట్లేదు. కాకపోతే ఆ దానంతటదే వచ్చేటప్పుడు మీ బుర్రలో ఒకేసారి మూడు పనులు జరుగుతుంటాయి చూడండి, గాయని పాడేది వింటుంటారు, విన్నదాన్ని అంతకుముందు విన్నవాటి పక్కన పెట్టుకుంటుంటారు, మీ వంతు రాగానే తాళం తప్పకుండా అందుకుంటారు. మెషీన్‌కి అసలు కష్టం ఈ మూడూ ఒకేసారి చేయాల్సి రావడంలోనే ఉంది. రాత్రంతా కూర్చుని పాట కట్టే ప్రోగ్రామ్‌కి ఈ బాధ లేదు, నచ్చకపోతే చెరిపేసి మళ్లీ రాసుకుంటుంది. కచేరీలో చెరపడం ఉండదు కదా, పలికిన స్వరం పలికినట్టే.

ఫార్మల్ మోడల్ అంటే పెద్దగా భయపడాల్సింది ఏమీ లేదు. కోడ్ రాయడానికి ముందే, ఈ ప్రోగ్రామ్ ఏ క్షణంలో ఏం తెలుసుకుని ఉంటుంది, దాన్నిబట్టి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అనేది గణితంలో ఒక్క అనుమానం కూడా మిగలకుండా రాసుకోవడం. అలా రాసి పెట్టుకుంటే దాన్ని ప్రశ్నలు అడగొచ్చు, ఎక్కడైనా ఇరుక్కుపోతుందా, ఏ స్వరానికైనా లేటవుతుందా, వింటున్న భాగమూ వాయిస్తున్న భాగమూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయా అని. స్టేజి ఎక్కాక తెలుసుకునే విషయాలు కావు ఇవి.

ఇక మీ బాణాల బొమ్మ. 1999లో అలౌజెన్, క్రోష్‌మోర్, రఫినో అనే ముగ్గురు ఫాక్టర్ ఒరాకిల్ అని ఒక చిన్న ఆటోమేటన్ కట్టారు. వాళ్ల ఉద్దేశం సంగీతం కానే కాదు, పెద్ద టెక్స్ట్‌లో ఒక మాట ఎక్కడుందో గబగబా వెతకడం. దాన్ని ప్యారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో పనిచేసే జెరార్ అసయాగ్, ఆయనతో కలిసి పనిచేసిన ష్లోమో డుబ్నోవ్ సంగీతంలోకి తెచ్చారు. అంతకుముందు వాళ్లు 1978 నాటి లెంపెల్-జివ్ కంప్రెషన్ పద్ధతిని వాడి చూశారు. ఫైల్ సైజు తగ్గించే లెక్కకి పాటతో ఏం పని అనుకోకండి, ఏది మళ్లీ మళ్లీ వస్తోందో పట్టుకోగలిగితేనే దేన్నైనా కుదించగలం, ఏది మళ్లీ వస్తుందో తెలిసినవాడికి తర్వాత ఏది రావచ్చో కూడా తెలుస్తుంది. తర్వాత ఇర్కామ్‌లో ఈ ఒరాకిల్ మీదే ఓమ్యాక్స్ అనే సిస్టమ్ కట్టారు. ఓపెన్‌మ్యూజిక్, మ్యాక్స్ అనే రెండు సాఫ్ట్‌వేర్ల పేర్లు కలిపితే ఆ పేరు వచ్చింది. వాద్యకారుడు వాయిస్తుంటే వింటూ నేర్చుకుంటూ అప్పుడే ఆయన పక్కన తనూ వాయిస్తుంది.

ఇప్పుడు కాగితం పెన్ను తీసుకోండి, చెప్తే అర్థమయ్యేది కాదు, గీయాలి. మోహన రాగంలో ఆరు స్వరాలు తీసుకుందాం: స రి గ రి గ ప. వరసగా ఏడు సున్నాలు గీయండి, 0 నుంచి 6 దాకా నంబర్లు ఇవ్వండి. 0 నుంచి 1కి బాణం వేసి దాని మీద స, 1 నుంచి 2కి రి, 2 నుంచి 3కి గ, 3 నుంచి 4కి రి, 4 నుంచి 5కి గ, 5 నుంచి 6కి ప. ఇది విన్నది విన్నట్టు. ఇప్పుడు ప్రతి సున్నా నుంచి వెనక్కి ఒక చుక్కల గీత ఉంటుంది, దాన్ని సఫిక్స్ లింక్ అంటారు, అర్థం ఏమిటంటే "ఇక్కడికి వచ్చేసరికి నేను విన్న చివరి ముక్క ఇంతకుముందు ఎక్కడ విన్నాను" అని. 5 దగ్గర నిలబడితే చివరగా విన్నది "రి గ", అదే ముక్క ముందు 3 దగ్గర ముగిసింది, కాబట్టి 5 నుంచి 3కి చుక్కల గీత. 4 నుంచి 2కి. మొదటిసారి విన్న స్వరమైతే నేరుగా 0కి.

మెషీన్ వాయించేటప్పుడు 5 దాకా వచ్చి, ప వైపు వెళ్లకుండా చుక్కల గీత పట్టుకుని 3కి దూకింది అనుకోండి, అక్కడి నుంచి రి గ ప అందుకుంటుంది. మొత్తం స రి గ రి గ రి గ ప అయింది. మీరు ఎప్పుడూ వాయించని సంచారం, కానీ అందులో అతుకు ఎక్కడుందో చెవికి తెలియదు, ఎందుకంటే అతికిన చోట రెండు వైపులా "రి గ" ఉంది. మన దగ్గర బాగా స్వరం వేసేవాళ్లు చేసేది కూడా ఇదే కదా, ఒక ముక్క మీద తిరిగి తిరిగి, ఎవరూ ఊహించని చోట తలుపు తీసి బయటికొస్తారు.

ఇంకా కొన్ని బాణాలు మిగిలాయి. ప వినగానే మెషీన్ చుక్కల గీతల వెంట వెనక్కి నడుచుకుంటూ, దారిలో తగిలిన సున్నాలకి ప అనే బాణం లేకపోతే వేసుకుంటూ పోతుంది. అలా 3 నుంచి 6కి ఒకటి, 0 నుంచి 6కి ఒకటి పడతాయి, అంతకుముందే 0 నుంచి 2కి, 3కి పడి ఉన్నాయి. లెక్కపెట్టండి, మొత్తం పది బాణాలు. ఎంత పొడవు పాట విన్నా, స్వరాలు ఎన్నుంటే సున్నాలు వాటికంటే ఒక్కటే ఎక్కువ, బాణాలు స్వరాల సంఖ్యకి రెట్టింపులో ఒకటి తక్కువకి మించవు. పది నిమిషాలు సెకనుకి ఎనిమిది స్వరాల చొప్పున వాయించారనుకోండి, 4800 స్వరాలు, 4801 సున్నాలు, ఎంత లేదన్నా 9599 బాణాలు. ఫోన్‌లో కూడా పడుతుంది. పైగా కొత్త స్వరం వచ్చినప్పుడల్లా మొదటి నుంచి కట్టక్కర్లేదు, చివర్లో కాస్త కలిపితే చాలు. రియల్ టైమ్‌కి ఇది పనికొచ్చింది ఈ ఒక్క కారణానికే.

ఇప్పుడు ఆ బొమ్మలో 0, 1, 2, 3 మీదుగా వెళ్లి 3 నుంచి నేరుగా 6కి దూకండి. స రి గ ప! మీరు వాయించింది స రి గ రి గ ప మాత్రమే, స రి గ ప అని ఎక్కడా వరసగా రాలేదు, అయినా బొమ్మ ఒప్పుకుంటోంది. వెతకడానికి కట్టినవాళ్లకి ఇది తెలుసు, ఒరాకిల్ అసలు టెక్స్ట్‌లో లేని కొన్ని మాటల్ని కూడా ఉన్నట్టు ఒప్పుకుంటుంది, సున్నాలు తక్కువ ఉండాలంటే ఆ మాత్రం ఒప్పుకోక తప్పదు. వాళ్లకి లోపంగా కనిపించేది మనకి ఇక్కడ వరం, వినకుండానే మోహనం ఆరోహణలోని ముక్క దానికి తట్టింది. మొదటిసారి గీసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, అబద్ధం కాదు.

కానీ అదే బొమ్మని శ్రీరాగానికి గీయండి. దిగేటప్పుడు మ రి గ రి స అని కదా వస్తాం. మ రి గ రి స మీద ఒరాకిల్ కడితే మొదటి రి నుంచి నేరుగా స కి ఒక బాణం పడుతుంది, అంటే మ రి స అని దిగిపోవచ్చు అంటుంది. గ పోయింది. స ని ప మ రి స అని దిగితే అది శ్రీరాగమా మధ్యమావతా? మోహనంలో వరమైన బాణమే ఇక్కడ రాగాన్ని పక్క రాగంలోకి తోసేసింది. అందుకే నేను ఎవరైనా "మెషీన్ విని నేర్చేసుకుంటుంది, రూల్స్ అక్కర్లేదు" అంటే ఒప్పుకోను. విన్నదాని నుంచి వచ్చే స్వేచ్ఛ ఒక పక్క, వద్దు అని చెప్పే మాట ఇంకో పక్క, రెండూ ఒకే క్షణంలో కలవాలి.

ఆ కలిపే పనికి కూడా ఒక గణితం ఉంది, దాన్ని మన అవధానంతో చెప్తే తేలిగ్గా ఉంటుంది. నిషిద్ధాక్షరి చూశారు కదా, అవధాని ఒక అక్షరం చెప్తారు, పృచ్ఛకుడు ఆ తర్వాత ఏ మాట రాబోతోందో ఊహించి "ఫలానా అక్షరం వద్దు" అంటారు, అవధాని ఆ నిషేధం, ఛందస్సు, యతి, ప్రాస, అర్థం అన్నీ చూసుకుని ఇంకో అక్షరం వేస్తారు, మళ్లీ నిషేధం. పద్యం మొత్తం ముందే ఎవరి దగ్గరా లేదు, ఒక్కో అడుగులో ఉన్న షరతులన్నీ కలిపితే మిగిలిన ఇరుకు దారిలోంచి పుడుతోంది.

విజయ్ సరస్వత్ అనే ఆయన 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో డాక్టరేట్ పని కోసం కట్టిన కాంకరెంట్ కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ సరిగ్గా ఇలాంటిదే. మధ్యలో ఒక బోర్డు ఉంటుంది, ఎవరైనా వచ్చి దాని మీద షరతు రాయొచ్చు, "తర్వాతి స్వరం ని కాదు" అని. ఇంకొకరు ఆ బోర్డు చూస్తూ కూర్చుని "ఫలానా సంగతి తేలితే నేను ఈ పని చేస్తా" అని కాచుకోవచ్చు. రాసింది చెరపరు, కలుపుతూనే పోతారు. తర్వాత దీనికి కాలాన్ని చేర్చారు, పాలమిడెస్సి, వాలెన్సియా వాళ్లు 2000ల మొదట్లో ఎన్‌టీసీసీ అనే రూపం తెచ్చారు, అందులో కాలం టిక్ టిక్‌మని అడుగులుగా నడుస్తుంది, ప్రతి అడుగుకీ బోర్డు కొత్తది. కొలంబియాలోని కాలీ నగరంలో పనిచేసిన కామిలో రుయేడా, అసయాగ్, డుబ్నోవ్ కలిసి 2006లో ఫాక్టర్ ఒరాకిల్‌ని ఈ ఎన్‌టీసీసీలో రాశారు. నేర్చుకునే ప్రాసెస్ ఒకటి, వాయించే ప్రాసెస్ ఒకటి, రెండూ ఒకేసారి నడుస్తుంటాయి, ఇంకా బాణాలు వేయడం పూర్తవని సున్నా మీదికి వాయించేవాడు కాలు పెట్టకుండా మధ్యలో ఒక కాపలా.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'అన్‌లెస్' అనే మాట. "ఈ అడుగులో ఫలానా సంగతి తెలియకపోతే, తర్వాతి అడుగులో ఇది చెయ్యి" అని అర్థం. తర్వాతి అడుగు దాకా ఎందుకు ఆగాలి అంటే, ఒక సంగతి జరగలేదు అని చెప్పాలంటే ఆ అడుగు పూర్తవ్వాలి కదా, సగంలో ఎలా చెప్తాం? మీరు వయొలిన్ మీద ఇది రోజూ చేస్తున్నారు. గాయని ఆగారా, ఊపిరి తీసుకుని ఇంకా పాడతారా అనేది ఆ ఖాళీ దాటాకే మీకు తెలుస్తుంది, అప్పుడే కమాను వేస్తారు. నిశ్శబ్దం కూడా కబురే, కాకపోతే ఒక అడుగు ఆలస్యంగా అందే కబురు. ఇంత సున్నితమైన విషయాన్ని ఒక గణిత సూత్రంలో పెట్టగలిగారంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఒక్క హెచ్చరిక. పైన నేను స రి గ అని అక్షరాలు రాసేశాను గానీ అసలు చిక్కు అక్కడే. శ్రీరాగం గ, ఖరహరప్రియ గ కాగితం మీద ఒకే సాధారణ గాంధారం, గొంతులో వేరు. గమకాన్ని (స్వరాన్ని ఊపే తీరుని) వదిలేసి స్వరం పేరే మెషీన్‌కి ఇస్తే అది నేర్చుకునేది నొటేషన్, సంగీతం కాదు. డుబ్నోవ్ వాళ్లు 2007లో ఆడియో ఒరాకిల్ అని తెచ్చారు, అందులో అక్షరాల బదులు నేరుగా శబ్దం ముక్కల్ని పోలుస్తారు, రెండు ముక్కల మధ్య తేడా ఒక హద్దు కంటే తక్కువైతే ఒకటే అనుకుంటారు. ఆ హద్దు ఎక్కువ పెడితే అన్నీ ఒకటే అయిపోతాయి, తక్కువ పెడితే ఏదీ మళ్లీ రాదు. మన సంగీతానికి ఆ హద్దు ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది ప్రోగ్రామర్ కాదు, మీలాంటి రెండూ తెలిసినవాళ్లు. ఈ మాట మీకు ధైర్యం చెప్పడానికి అనట్లేదు, నిజంగా ఆ పని చేసేవాళ్లు కావాలి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా మృదంగం వాయిస్తున్నా. తని ఆవర్తనంలో (కచేరీలో తాళవాద్యం ఒక్కటే వాయించే భాగంలో) ముక్తాయింపు (ముగింపు) లెక్క నాకు చేతిలోనే ఉంటుంది, నోటితో అడిగితే చెప్పలేను. దీన్ని మెషీన్‌కి ఎలా చెప్తారు?

జవాబు: నమస్కారం గురువుగారూ. మీ చేతిలో ఉన్నది ఒక సమీకరణం, మీకు దాంతో పని లేదు, మెషీన్‌కి తప్పదు. ఆదితాళం ఎనిమిది క్రియలు (చేత్తో వేసే లెక్కలు), చతురశ్ర నడకలో, అంటే క్రియకి నాలుగు అక్షరాల చొప్పున, ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) 32 అక్షరాలు. ఒక జతిని (దెబ్బల ముక్కని) మూడుసార్లు వాయించి, మధ్యలో రెండు కార్వైలు (ఖాళీలు) ఇచ్చి, సరిగ్గా సమానికి (తాళం మొదటి దెబ్బకి) దిగాలంటే మూడు జతులు, రెండు ఖాళీలు కలిపి 32 కావాలి. జతి 8 అయితే ఖాళీ 4. జతి 10 అయితే, అంటే తదిగిణతొం రెండుసార్లు వేస్తే, ఖాళీ 1. జతి 6 అయితే ఖాళీ 7. జతి 9 అయితే కుదరదు, మూడు తొమ్ములు 27, మిగిలిన 5ని రెండు సమభాగాలు చేయలేం, నడకైనా మార్చాలి లేదా ముందు ఏదైనా కలపాలి. ఎత్తుగడ (పాట అందుకునే చోటు) సమం మీద కాకుండా ఒకటిన్నర క్రియ తర్వాత ఉంటే 38 కావాలి, అప్పుడు 10కి ఖాళీ 4, 12కి ఖాళీ 1.

ఇదంతా కూర్చుని వేస్తే స్కూలు పిల్లలు కూడా వేస్తారు. కష్టం ఎక్కడంటే మీరు మూడో క్రియ దగ్గర ఉన్నప్పుడు ముగించాలనిపిస్తుంది, ఇంకా 24 అక్షరాలే ఉన్నాయి, ఆ క్షణంలోనే జతి 6 ఖాళీ 3 తీసుకోవాలా, 8 వేసి ఖాళీ లేకుండా కొట్టేయాలా, ఇంకో ఆవర్తనం పోనివ్వాలా అని తేలాలి, తేలేలోపు తాళం ఆగదు. మెషీన్‌లో ప్రతి అక్షరానికీ "ఇప్పుడు మొదలుపెడితే ఏయే లెక్కలు కుదురుతాయి" అనే జాబితాని బోర్డు మీద ముందే సన్నగా తరుగుతూ ఉంచాలి, చివరి నిమిషంలో వెతకడానికి కూర్చుంటే అయిపోయినట్టే. మీ చెయ్యి కూడా అలాగే ముందే తరుగుతుందని నా నమ్మకం, అందుకే నోటితో చెప్పలేకపోతున్నారు.

మీకు ఒక సంగతి చెప్పాలి. 1980ల మొదట్లో జిమ్ కిప్పెన్ అనే సంగీత పరిశోధకుడు లక్నోలో ఉస్తాద్ అఫాఖ్ హుస్సేన్ ఖాన్ దగ్గర తబలా నేర్చుకునేవారు. బెర్నార్డ్ బెల్ అనే కంప్యూటర్ మనిషితో కలిసి బోల్ ప్రాసెసర్ అని ఒక ప్రోగ్రామ్ తయారుచేశారు, ఆపిల్ టూ లాంటి చిన్న మెషీన్ మీద. ఒక కాయిదా (తబలాలో ఒక మూల రచన) తీసుకుని, దాని పల్టాలు (దాన్ని మార్చి మార్చి వాయించే రూపాలు) ఎలా పుడతాయో వ్యాకరణ సూత్రాలుగా రాసేవారు, ఈ బోల్ (తబలా దెబ్బకి పలికే అక్షరం) బదులు ఈ బోల్ రావచ్చు, ఈ ముక్క తర్వాత ఆ ముక్కే రావాలి అని. మెషీన్ ఆ సూత్రాలతో కొత్త పల్టాలు పుట్టించి చూపిస్తే ఉస్తాద్ ఇది సరే, ఇది కాదు అని చెప్పేవారు. కాదన్న ప్రతిదానికీ ఒక సూత్రం దిద్దాల్సి వచ్చేది. తర్వాత ఉదాహరణలు ఇస్తే సూత్రాల్ని మెషీనే ఊహించేలా ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంకో ప్రోగ్రామ్ కూడా రాశారు.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే తీర్పు ఉస్తాద్ దగ్గరే ఉంది. నోటితో చెప్పలేని విద్యని బయటికి తేవడానికి "తప్పుది చూపించి, ఎందుకు తప్పో అడగడం" కంటే మంచి మార్గం నాకు తెలియదు. మీరు కూడా శిష్యుడు తప్పు వాయిస్తే కదా నోరు విప్పుతారు! ఎవరైనా కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని మీ దగ్గరికొస్తే దయచేసి తరిమేయకండి, మెషీన్ ముక్తాయింపులు వినిపించమని చెప్పి తప్పులు పట్టండి. మీరు పట్టిన ఒక్కో తప్పూ ఒక్కో సూత్రం అవుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మా బాబు హైదరాబాద్‌లో ఉన్న గురువుగారి దగ్గర వీడియో కాల్‌లో పాట నేర్చుకుంటున్నాడు. విడివిడిగా పాడితే బాగానే ఉంది గానీ కలిసి పాడదామంటే కుదరట్లేదు. ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించినా అంతే. ఏదైనా మార్గం ఉందా?

జవాబు: ఇంటర్నెట్ తప్పు కాదండి, భూమి పెద్దది. డల్లాస్ నుంచి హైదరాబాద్‌కి గీత గీసినట్టు వెళ్లినా 14 వేల కిలోమీటర్ల పైనే, ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే ఒక వైపుకే 70 మిల్లీసెకన్లు, కేబుళ్లు వంకర్లు తిరుగుతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. ఇద్దరు కలిసి లయలో ఉండాలంటే మధ్య ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదు, గాలిలో శబ్దం ఒక మీటరు వెళ్లడానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆ 70 మిల్లీసెకన్లతో మీరిద్దరూ ఇరవై మీటర్లకు పైగా దూరంగా నిలబడి కలిసి పాడుతున్నట్టు లెక్క. ఎంత డబ్బు పోసినా ఈ హద్దు జరగదు.

మార్గం మాత్రం ఉంది, ఆలస్యాన్ని తగ్గించడం మానేసి పెంచేయడం. నింజామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2005 నుంచి ఇదే చేస్తోంది, అవతలివాళ్ల సంగీతాన్ని సరిగ్గా ఒక పూర్తి చుట్టు ఆలస్యంగా వినిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే గురువుగారు ఈ ఆవర్తనంలో పాడింది బాబుకి తర్వాతి ఆవర్తనంలో సమం మీద మొదలవుతుంది, తాళం ఇద్దరికీ కలుస్తుంది. కృతి కలిసి పాడటానికి ఇది పనికిరాదు, కానీ ఒక ఆవర్తనం స్వరం వేసి ఒక ఆవర్తనం వదిలే వంతుల పాటకి చాలా బాగుంటుంది, ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఫోన్‌లో రెండు ముక్కలు టైప్ చేస్తే పాట మొత్తం వచ్చేస్తోంది. మీరు చెప్పేది కూడా అదేనా? అయితే పిల్లలు సంగీతం ఎందుకు నేర్చుకోవాలి? - ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: అది వేరు, ఇది వేరు అండి. ఫోన్‌లోది అప్పగింత పని, మాట చెప్తే సరుకు ఇంటికొస్తుంది. నేను చెప్పేది పక్కన కూర్చుని వాయించే తోడు, మనం వాయించకపోతే దాని దగ్గర ఏమీ లేదు. ఓమ్యాక్స్‌లో మొదట ఉండేది ఒకే ఒక సున్నా, ఎవరో ఒకరు స్వరం పలికాకే రెండోది పుడుతుంది. అమ్మాయి సాధన చేస్తేనే దానికి భాష వస్తుంది, అమ్మాయి మానేస్తే అది మూగది.

అన్నీ అలాగే ఉండాలనేమీ లేదు. జార్జ్ లూయిస్ అనే ట్రాంబోన్ విద్వాంసుడు 1980ల రెండో సగంలో వాయేజర్ అనే సిస్టమ్ తయారుచేశారు, అందులో 64 గొంతులు ఎవరి దారిన వాళ్లు వాయించగలరు, మనిషి వాయించేది వింటుంది గానీ మనిషి ఆగిపోయినా అది ఆగదు, తనకి తోచింది వాయిస్తూనే ఉంటుంది. ఆయనకి కావలసింది చెప్పుచేతల్లో ఉండే పనిముట్టు కాదు, ఎదురుగా నిలిచే ఇంకో సంగీతకారుడు. అలాంటిదాని ముందు నిలబడి వాయించాలంటే పిల్లలు ఇంకా ఎక్కువ నేర్చుకోవాలి. మీ అమ్మాయికి సంగీతం మాన్పించకండి, అదే నా విన్నపం.

ప్రశ్న: హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నా. ప్యూర్ డేటా అనే సంగీత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి చిన్న ఒరాకిల్ రాశాను, పని చేస్తోంది కానీ రెండు సమస్యలు. ఒకటి, మా నాన్నగారు పాడితే అది లేటుగా అందుకుంటోంది, కీబోర్డు మీద అయితే బాగానే ఉంది. రెండు, ఐదు నిమిషాలయ్యాక తిప్పి తిప్పి అదే వాయిస్తోంది.

జవాబు: ముందుగా శభాష్. రెండోది మొదట చెప్తా, నాకూ అదే జరిగింది. ఒక మిత్రుడి ఇంట్లో ఆయన కూతురు మోహనం పాడుతుంటే నా ప్రోగ్రామ్ పెట్టాం, మొదటి ఐదు నిమిషాలు అందరం మురిసిపోయాం, తర్వాత అది గ ప గ రి చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది, పాపం ఆ పిల్ల దానికి కొత్త దారులు చూపిస్తూ అలిసిపోయింది. రెండు మార్పులు చేశాక బాగైంది. చుక్కల గీత పట్టుకుని దూకే ముందు రెండు వైపులా కలిసే ముక్క కనీసం ఎన్ని స్వరాలుందో చూసి, రెండు కంటే తక్కువైతే దూకొద్దని పెట్టాను. ఇంకా, ఈ మధ్యే తిరిగిన సున్నాల జాబితా ఉంచుకుని, కొంతసేపు అటు వెళ్లొద్దని నిషేధం పెట్టాను. నిషిద్ధాక్షరే, కాకపోతే పృచ్ఛకుడూ అవధానీ ఒకరే.

లేటు సంగతి. బఫర్ (శబ్దాన్ని ఒక్కో విడతగా పట్టి ఉంచే జాగా) ఎంత పెట్టారో చూడండి. సెకనుకి 44100 శాంపిళ్ల దగ్గర 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు అక్కడే పోయాయి, లోపలికి ఒకసారి బయటికి ఒకసారి కలిపితే రెట్టింపు. 256 పెడితే దాదాపు 6, 128 అయితే 3. తగ్గిస్తూ పోయి ఎక్కడ టకటక శబ్దం వస్తే అక్కడి నుంచి ఒక మెట్టు పైకి రండి. కీబోర్డు బాగానే ఉండటానికి కారణం మిడి, ఏ మీట నొక్కారో మూడు బైట్లలో చెప్పేస్తుంది, సెకనుకి 31250 బిట్ల లైను మీద అది ఒక్క మిల్లీసెకన్ కూడా పట్టదు. గొంతు అలా కాదు, శ్రుతి ఎంతో కనిపెట్టాలంటే కనీసం రెండు కంపనాలైనా పూర్తిగా వినాలి. నాన్నగారు కింది స్థాయిలో 110 హెర్ట్జ్ దగ్గర పాడితే ఒక కంపనం 9 మిల్లీసెకన్లు, రెండంటే 18, దీన్ని ఏ ప్రాసెసరూ తగ్గించలేదు. అదే 220 దగ్గర పాడే గొంతైతే 9తో సరిపోతుంది. కాబట్టి బఫర్ సరిచేశాక కూడా నాన్నగారికి లేటనిపిస్తే కోడ్‌ని తిట్టుకోకండి, వినడానికి అంత టైమ్ పడుతుందని ముందే లెక్కలో వేసుకుని, మెషీన్ ఆయన స్వరానికి స్వరం అందుకోవాలని చూడకుండా తర్వాతి క్రియ మీద అందుకునేలా మార్చండి. అప్పుడు ఆ 18 మిల్లీసెకన్లు ఎవరికీ వినపడవు.